చప్పుడు లేని స్పానిష్

ఏసుదాసు శవం మాన్కోలి గోదాములో గుడ్డల బేళ్ల మధ్య దొరికింది. చాలా దగ్గరి నుంచి, గుండెల్లోకే కాల్చారు.

ముంబై పక్కన పద్మనగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతూ, గుట్టుగా గూఢచారి శాఖకు పనిచేసే ఏజెంటు అతను. ఆ గోదాముకు అతణ్ణి పంపింది ఒక టేపు. విదేశీ ముఠా ఫోనులో స్పానిష్‌లో మాట్లాడుకున్న మాటల్ని శాఖకు అనువదించి పెట్టింది ఇనేస్. ఊరికి ఆమె బార్సిలోనా నుంచి గుడ్డ కొనడానికొచ్చిన ఫ్యాషన్ బయ్యర్. లోపల మాత్రం శాఖ మనిషి. ఎర్రటి లిప్‌స్టిక్‌తో ఆమె కారు దిగితే శాంతి నగర్‌లో హ్యాండ్‌కార్టులు కూడా ఆగిపోయేవి. ముఠా దాచిన పేలుడు సరుకు మాన్కోలిలో ఉంది, కాపలా లేదు అని చెప్పింది. తీరా చూస్తే అక్కడ సరుకు లేదు, కాపలా మాత్రం దండిగా ఉంది.

అన్నను సమాధి చేసి వచ్చాడో లేదో, తమ్ముడు ఎలీషాను చీఫ్ దత్తాత్రి పిలిపించాడు. ఎలీషా కూడా ఆ శాఖ ఏజెంటే. కోడ్ నేమ్ కండె.

"టార్గెట్ ఎమీలియో. ముఠా నాయకుడు. చలికాలంలో ముంబైలో అంతర్జాతీయ వస్త్ర ప్రదర్శన ఉంది. అక్కడ బాంబు పెట్టబోతున్నాడు. ట్రాన్స్‌లేషన్ ఇనేస్ చూసుకుంటుంది. పగను ఇంట్లో పెట్టి డ్యూటీకి రా."

"సరే సార్."

పగను ఇంట్లో పెట్టే ఉద్దేశం ఎలీషాకు లేదు. అన్నను అమ్మేసింది ఇనేసే అని అతని మనసు గట్టిగా చెబుతోంది. మనసు చెప్పిందని ఎవరూ అరెస్టు వారంటు ఇవ్వరు. ఆమె వాళ్ళతో ఏం మాట్లాడుతోందో తనకే తెలియాలి. దానికి స్పానిష్ రావాలి. శాఖ మొత్తానికి స్పానిష్ తెలిసిన మనిషి ఇనేస్ ఒక్కతే. ఆమె దగ్గరికే పోయి ట్యూషన్ పెట్టించుకోలేడు కదా.

ఎవరో పుణ్యాత్మురాలు స్పానిష్ పాఠాలు వీడియో తీసి ఇంటర్నెట్‌లో ఊరికే పెట్టిందని తెలిసి, పద్మనగర్‌లో కొమురయ్య నెట్ సెంటరుకు వెళ్ళాడు. పైన కంప్యూటర్లు, కింద కార్ఖానా. సాంచాల మోతకు కుర్చీలు కూడా వణికేవి. హెడ్‌ఫోన్ ఎంత బిగించినా పాఠం చెప్పే మేడం గొంతు ఒక్కనాడూ వినబడలేదు. ఇంకొకడైతే దండం పెట్టి లేచిపోయేవాడు. ఎలీషా సాంచాల మధ్య పుట్టి పెరిగినవాడు. అక్కడ ఎవరూ అరిచి మాట్లాడరు, అరిచినా లాభం ఉండదు. ఊరికే పెదవులు కదిపితే కార్ఖానా ఆ చివర ఉన్నవాళ్ళు చూసి తెలుసుకుంటారు. చిన్నప్పుడు అమ్మ పెట్టిన తిట్లన్నీ అతను కళ్ళతోనే తిన్నాడు.

మేడం ఒక మాట పలికేది, బోర్డు మీద రాసేది, పక్కన ఇంగ్లీషులో అర్థం రాసేది. నెట్ ఈడ్చుకుంటూ నడిచి వీడియో ఆగినప్పుడల్లా ఆమె తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయేది. మిగతావాళ్ళు కొమురయ్యను తిట్టుకునేవారు. ఎలీషా మాత్రం ఆగిన నోటిని తీరిగ్గా చూసి, తన నోటిని అలాగే తిప్పుకునేవాడు. నిద్రలో అన్న ముఖం కనబడ్డ మర్నాడు ఇంకో రెండు పాఠాలు ఎక్కువ చూసేవాడు. వానలు వెనక్కి తగ్గేసరికి స్పానిష్ అతని కళ్ళకు బాగా వచ్చింది. చెవులకు మాత్రం అక్షరం ముక్క రాదు.

ప్రదర్శన మొదలయ్యే ఉదయం ఇనేస్ కబురు పంపింది: బాంబు మాన్కోలిలో ఉంది. దత్తాత్రి బలగమంతా అటు ఉరికింది. ఎలీషా కడుపునొప్పి అని చెప్పి, ఇనేస్ కారు వెనకాలే శాంతి నగర్ చేరాడు.

ఎమీలియో అద్దెకు తీసుకున్న కార్ఖానా అది. ఆ మోతలో ఏ మైకూ పనిచేయదని అతని ధీమా, అందులో తప్పేమీ లేదు. ఎలీషా అక్కడ తన వదిన ఎలీసబెతును, అంటే ఏసుదాసు భార్యను, ముందే పనికి కుదిర్చాడు. ఇప్పుడు తనూ లుంగీ, మాసిన బనియనుతో, జుట్టు నిండా దూదితో ఒక సాంచా మీదికి వంగి తెగిన పోగులు అతుకుతున్నట్టు నటించాడు.

ఇనేస్, ఎమీలియో సాంచాల మధ్య నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆ ఎర్రటి లిప్‌స్టిక్ పుణ్యమా అని ఆమె పెదవులు దూరానికి కూడా స్పష్టంగా కనబడుతున్నాయి.

"అందరూ మాన్కోలిలో ఉన్నారు. ఆ నేతగాణ్ణి పంపినట్టే పంపాను."

ఎమీలియో నవ్వాడు. ఎలీషా చేతిలో పోగు తెగింది. అనుమానం తీరితే కడుపు చల్లబడుతుందనుకున్నాడు, ఇంకా మండింది.

పెదవులు ఇంకా కదులుతున్నాయి. ప్రదర్శనలో ఒక సాంచా నడిపి చూపిస్తారు. దానికి నూలు చుట్టి బిగించిన భీములో, ఆ ఇనుప గొట్టం లోపల, బాంబు ఉంది. రిబ్బన్ కత్తిరించారని మెసేజ్ రాగానే నొక్కాలి. ఇనేస్ పర్సులోంచి ఇంకో లిప్‌స్టిక్ తీసింది. మూత తీయలేదు. దాని అడుగున చిన్న బటన్ ఉంది.

ఎమీలియో ఫోన్ వెలిగింది. అతను తల ఊపాడు. ఇనేస్ బొటనవేలు బటన్ మీదికి పోయింది.

పిస్టల్ పేలిస్తే మధ్యలో పనివాళ్ళున్నారు. పరుగెత్తితే అందదు. ఇనేస్ వెనక సాంచా దగ్గర ఎలీసబెతు నిలబడి తన వైపే చూస్తోంది. ఎలీషా గొంతు తెరవకుండా పెదవులు కదిపాడు.

"వదినె, అన్నను సంపిచ్చింది ఇదే. చేతుల ఉన్నది బాంబు బటన్. కొట్టు."

ఎలీసబెతు ఆలోచించలేదు. పోగును అటూ ఇటూ మోసే, రెండు కొసలకూ ఉక్కు ములుకులున్న నాడె అందుకొని ఆ మణికట్టు మీద ఒక్కటేసింది. ఎముక విరిగింది. లిప్‌స్టిక్ కింద పడేలోపే కొంగు పట్టి అందుకుంది. పిస్టల్ తీయబోయిన ఎమీలియోను ఎలీషా నేల కరిపించాడు. డ్యూటీకి కావలసినంత కొట్టి, అన్న లెక్కలో ఇంకొంచెం కొట్టాడు. తర్వాత దత్తాత్రికి ఫోన్ చేశాడు. ముంబైలో హాలు ఖాళీ చేయించి భీము విప్పారు.

ఎవరో మెయిన్ స్విచ్ ఆపారు. కార్ఖానా నిశ్శబ్దమైంది. ఎలీషా ఇనేస్ ఎదుట కూర్చొని, ఏసుదాసు నా అన్న అని స్పానిష్‌లో చెప్పాడు.

ఆమె అయోమయంగా చూసి, ఇదేం భాష అని హిందీలో అడిగింది. స్పానిష్‌ను అతను జన్మలో చెవులతో విని ఉంటే కదా.

"తుపాకి పేల్చినోళ్ళు ఎవలో దీని నోటెంబడి చెప్పియ్యి," అంది ఎలీసబెతు. "అందాక నాకు నిద్ర రాదు."

మాన్కోలి దుమ్ముతో దత్తాత్రి దిగాడు. ఎమీలియో వచ్చీరాని ఇంగ్లీషులో నేరమంతా ఆమె మీదికే తోస్తున్నాడని ఇనేస్‌తో చెప్పాడు. ఇనేస్ ముఖం జేవురించింది. స్పానిష్ తెలిసినవాడు ఇక్కడ ఎవడూ లేడన్న ధైర్యంతో తిట్లు మొదలుపెట్టింది. ఎవరు కాల్చారో, ఎవరు పారిపోయారో అన్నీ ఆ తిట్లలోనే దొర్లుతున్నాయి. ఎలీషా పెదవుల్నే చూస్తున్నాడు. కానీ కళ్ళు చదివే మాటను చెవిలో పడే శబ్దం చెరిపేస్తోంది.

"ఏమంటోందయ్యా?" అన్నాడు దత్తాత్రి.

ఎలీషా పక్క సాంచా మీద పేరుకున్న దూది తీసి రెండు చెవుల్లోనూ గట్టిగా కుక్కుకున్నాడు.

"ఇప్పుడు తిట్టుమనుండ్రి సార్. నేను రాసుకుంట."