చల్లారని కుప్ప

ఆ రోజు పొద్దున ఆకాశం కురవాలో వద్దో తేల్చుకోలేక ముఖం ముడుచుకుని ఉంది. ఎందుకైనా మంచిదని నేను కంపోస్ట్ కుప్ప మీద టార్పాలిన్ కప్పుతున్నాను.

"ఆగండి. జ్వరం చూడాలి," అని వెనకనుంచి వినబడింది.

తిరిగి చూశాను. చేతిలో మూరెడు పొడుగు థర్మామీటర్, చంకలో నోటుబుక్కు. యూనివర్సిటీ పర్యావరణ విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి.

"నాకు జ్వరం లేదండీ."

"మీకు కాదు. కుప్పకి."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు. పక్కకు జరిగాను.

నేను అక్కడ తోటమాలిని. మూడు హాస్టళ్ళ వంటగదుల్లో మిగిలే తొక్కలూ మెతుకులూ, చెట్ల కింద రాలే ఆకులూ కలిపి ఎరువు చేయడం ఆ ఏడే మొదలైంది. లోపలి వేడి తగ్గి కుప్ప చల్లబడితే ఎరువు మాగినట్టు. సెలవుల లోపు మాగకపోతే చెత్తంతా మళ్ళీ లారీల్లో ఊరి బయట గుట్టకే పోతుంది. ఆమె కాంట్రాక్టూ అంతటితో సరి. ఈ సంగతి ఆమే చెప్పింది, బస్సు టైము చెప్పినట్టు.

రోజూ పదింటికి వచ్చేది. ఐదు చోట్ల థర్మామీటర్ గుచ్చి, అంకెలు రాసుకుని వెళ్ళేది. వాన పడితే పనిముట్ల షెడ్డులో నిలబడేది. ఒకసారి, కాలి కింద ఎండుటాకులు ఎన్ని రకాలుగా చప్పుడు చేస్తాయని అడిగింది. నాకు తెలిసినవి నాలుగు చెప్పాను. అవీ రాసుకుంది. అలాంటి మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

రెండో నెల చివర కుప్ప చల్లబడసాగింది. ఇంకో నాలుగు రోజులైతే తాను రానక్కర్లేదని ఆమె సంతోషంగా చెప్పింది.

ఆ సాయంత్రం లాన్‌లో కోసిన పచ్చగడ్డి రెండు గంపలు కుప్ప నడుమ పూడ్చాను. పచ్చగడ్డి పడితే కుప్ప మళ్ళీ వేడెక్కుతుందని తోటపని తెలిసినవాడెవడికైనా తెలుసు. ఆ పని చేయకూడదనీ తెలుసు.

మర్నాడు అంకె చూసి ఆమె థర్మామీటర్ తుడిచి మళ్ళీ గుచ్చింది. ఆ మర్నాడు కొత్త థర్మామీటర్ తెచ్చింది. తర్వాత లావుపాటి పుస్తకాలు తెచ్చుకుని గట్టు మీద కూర్చుని చదివింది. ఆ పిల్ల రోజురోజుకీ చిక్కిపోతుంటే నేను మాత్రం రోజూ గడ్డం గీసుకుని వస్తున్నానని మా మేస్త్రీ అన్నాడు.

సెలవులకు మూడు రోజులున్నాయనగా ఆమె నోటుబుక్కు మూసేసింది. తప్పంతా తన కొలతల్లోనే ఉందని రిపోర్టు రాసి, పని వదిలేస్తానంది.

"తప్పు మీది కాదు," అన్నాను. "నేను పచ్చగడ్డి కలిపాను."

ఆమె నోటుబుక్కు మళ్ళీ తెరిచింది. "ఎప్పుడు?"

"రోజూ సాయంత్రం. రెండేసి గంపలు. శనివారం మాత్రం మానేశాను."

"శనివారం ఎందుకు మానేశారు?"

"ఆదివారం మీరు రారు కదా."

పెన్ను ఆగింది. "ఇక్కడ కారణం అని ఒక గడి ఉంది. ఏం రాయమంటారు?"

"చల్లారితే మీరు రావడం మానేస్తారని."

తలెత్తి నా వంక చూసింది. "నా ఉద్యోగం పోయేది. తెలిసే చేశారా?"

"మొదటి రోజు అంత దూరం ఆలోచించలేదు. తర్వాత తెలిసే చేశాను."

నేను చెప్పింది చెప్పినట్టు రాసుకుని వెళ్ళిపోయింది.

రిపోర్టు చూసే కమిటీలో వాళ్ళ విభాగం ప్రొఫెసరు గారు ఆ గడిని పైకే చదివారట. కళ్ళజోడు సర్దుకుని, ఈ కారణం మళ్ళీ తలెత్తే అవకాశం ఉందా అని అడిగారట. పని ఉన్నా లేకపోయినా తాను అక్కడికి వెళ్తూనే ఉంటాననీ, కాబట్టి తలెత్తదనీ ఆమె చెప్పిందట. ఆమెకు ఇంకో నెల గడువిచ్చారు. నాకు మెమో ఇచ్చారు.

ఆ తర్వాత నేను గడ్డి జోలికి పోలేదు. ఇరవయ్యో రోజుకి కుప్ప చల్లబడింది. ప్రొఫెసరు గారు గుప్పెడు ఎరువు తీసి వాసన చూసి, సంతకం పెట్టారు.

మర్నాడు మధ్యాహ్నం ఆమె వచ్చింది. వెంట వాళ్ళమ్మ, ఆవిడ చేతిలో క్యారియర్. ఆవిడ దర్జీ. నన్ను కింది నుంచి పైదాకా చూపుతోనే కొలిచింది.

"గడ్డి పెట్టిన అబ్బాయివి నువ్వేనా?"

"నేనేనండీ."

"చేతులు కడుక్కుని రా."

షెడ్డులో ముగ్గురం కింద కూర్చున్నాం. ఆవిడ క్యారియర్ విప్పి వడ్డించింది. నా పళ్ళెం ఖాళీ కావడం చూసి, ఆవిడ అడక్కుండానే రెండోసారి వడ్డించింది. నేను తల వంచుకుని తిన్నాను.