సూది జారిన సినిమా

"ముట్టుకోకు!" హోప్ అరిచింది.

కాలేబు చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "డిస్కే కదండీ, బాంబేం కాదుగా?"

"తొంభై ఏళ్ళ నాటి సౌండ్ అది. కాపీయే అయినా దాని మీద వేళ్ళ జిడ్డు పడకూడదు."

"సౌండ్ సంగతి నాకు చెప్తారా? ఈ చర్చిలో మైకు పెట్టాలన్నా తియ్యాలన్నా నేనేనండీ!"

ఆ మాట నిజమే. కెనడాలోని హామిల్టన్‌లో చదువుకుంటున్న ఈ అమలాపురం కుర్రాడు ఆదివారం ఆరాధనలో మైకులు చూస్తాడు. పాటలు పాడే హోప్ గొంతు వినబడేలా మిగతా అందరి గొంతులూ కాస్త తగ్గిస్తాడని సంఘం మొత్తానికి తెలుసు. ప్రేమిస్తున్నానని హోప్‌కి మాత్రం చెప్పలేదు. సోమవారం ఆమె వాంకూవర్ వెళ్ళిపోతోంది, పాత సినిమాలు బాగుచేసే ఉద్యోగానికి. ఇవాళ శనివారం. మనవాడు ఇంకా నోరు విప్పలేదు. ఇలాంటివాణ్ణి ఏమనాలి చెప్పండి?

వెళ్ళేముందు తను బాగుచేసిన పొట్టి కామెడీ ఒకటి అందరికీ చూపించాలని హోప్ ఆశ. సినిమా అప్పుడప్పుడే మాటలు నేర్చుకుంటున్న రోజుల నాటిది, పది నిమిషాలుంటుంది. బొమ్మ రీలు మీద, మాట విడిగా గ్రామఫోన్ డిస్కు మీద. బొమ్మని లాప్‌టాప్‌లోకి ఎక్కించింది కానీ, మాటల్ని మాత్రం అప్పట్లో ఎలా వేసేవారో అలాగే డిస్కు మీద వినిపించాలని ఆమె పట్టుదల.

"జాగ్రత్తగా విను. మామూలు రికార్డులా సూదిని అంచున పెట్టకూడదు. ఇది లోపల్నించి బయటికి తిరుగుతుంది. ఇదిగో, లేబుల్ పక్కన బాణం గుర్తు ఉందే, ఇక్కడ పెట్టాలి. అర్థమైందా?"

"అర్థమైందండీ."

ఏం అర్థమైంది, వాడి మొహం! ఆమె చెబుతున్నంతసేపూ అతను చూసింది ఆమె కళ్ళని.

హాలు నిండింది. ముందు వరసలో హోప్ తండ్రి సంతోషం గారు, తల్లి జ్ఞానసుందరి గారు కూర్చున్నారు. హోప్ సైగ చేసింది. తెర మీద బొమ్మ మొదలైంది. కాలేబు ఠీవిగా సూదిని అంచున పెట్టాడు.

అంతే! తెర మీద పేర్లు పడుతుండగానే ముగింపు సంగీతం మోగింది. మరుక్షణం సూది డిస్కు దాటి కిందికి జారి విరిగింది. ఇంకో సూది లేదు.

"కాలేబూ!" హోప్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఆ కళ్ళు చూస్తే అతని ప్రాణం ఉసూరుమంది. తెర మీద లావుపాటి వెయిటర్ ఒకడు మూగగా నోరాడిస్తున్నాడు. కాలేబు చటుక్కున మైకు అందుకున్నాడు.

"అయ్య బాబోయ్! సూపులో పడింది ఈగ కాదండీ, మా ఓనరు గారి విగ్గండీ!"

హాలంతా గొల్లుమంది. హోప్ కూడా కన్నీళ్ళు తుడుచుకుంటూ పకపకా నవ్వింది. ఆ నవ్వుతో కాలేబుకి ఊపొచ్చింది. విరిగే ప్రతి ప్లేటుకీ ఒక డైలాగు కొట్టాడు. చివరికి వెయిటర్ చేతిలో ప్లేట్ల దొంతరతోనే వంట చేసే అమ్మాయి ముందు మోకరిల్లాడు.

కాలేబు మైకుని నోటికి ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాడు.

"ఏమండీ... రెండేళ్ళ నుంచీ చెబుదామనే చూస్తున్నానండీ. మీరు పాడుతుంటే, మైకు సరిచేసే వంకతో మిమ్మల్నే చూస్తానండీ."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. వెయిటర్‌కి మైకెక్కడిది?

"మీరు వాంకూవర్ వెళ్ళిపోతే ఈ హాల్లో నాకేం పనుందండీ? నాలుగు నెలల్లో నా కోర్సు అయిపోద్ది. అక్కడే జాబ్‌కి అప్లై చేస్తాను. మీరంటే నాకు ప్రాణమండీ."

తెర మీద అమ్మాయి నోరు తెరిచింది. హోప్ రెండో మైకు తీసుకుంది.

"ఇన్నాళ్ళకా నోరొచ్చింది?" అంది, తెర వైపు చూడనైనా చూడకుండా. "నాకు ఇష్టమే. కానీ మా డాడీని అడగాలి. ఫ్రంట్ రోలోనే ఉన్నారు."

అందరి తలలూ అటు తిరిగాయి. సంతోషం గారు నెమ్మదిగా లేచారు. తెర మీద ప్లేట్లన్నీ కూలిపోయాయి కానీ ఒక్కరూ చూడలేదు.

"సోమవారం ఫ్లైట్ ఎక్కే పిల్లకి శనివారమా చెప్పేది?" అని గద్దించారు.

"సారీ అంకుల్," అన్నాడు కాలేబు. పాపం, మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

జ్ఞానసుందరి గారు భర్త చొక్కా పట్టుకుని లాగారు. ఆయన ఒకసారి కూతురి మొహం చూసి, జేబులోంచి ఫోన్ తీశారు.

"మీ అమ్మగారి నంబర్ చెప్పు, బాబూ. అమలాపురంలో తెల్లారగానే నేనే మాట్లాడతాను."