ఆడవాళ్ళ గది

ఓట్ల లెక్కింపు రోజు పొద్దున రంగులాయన పళ్ళు తోముకుంటూనే ఎన్నికల ఫలితం చెప్పేశాడు.

"మన వీధిలో అవతలివాళ్ళకి పది ఓట్లొస్తే గొప్ప. రాసిపెట్టుకోండి!" అని పెరట్లోంచి కేకేసి, నోట్లో నురగ ఉమ్మేశాడు.

రాసిపెట్టడం ఆయన వృత్తే మరి. ఊళ్ళో సగం దుకాణాల బోర్డులు, తన పార్టీ గోడరాతలన్నీ ఆయన చేతివే. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అదొక చిన్న నగరం. వంతెనకి ఇవతల ఒక పార్టీ, అవతల ఇంకొకటి, తాతల నాటి నుంచీ ఇంతేనని అందరి నమ్మకం. రంగులాయనకైతే ఆ నమ్మకమే ప్రాణం. పోలింగు రోజు ఇల్లంతా ఉతికిన బట్టలు కట్టుకుని వరసగా నడవాలి. ముందు ఆయన, వెనక కొడుకు, ఆ వెనక భార్య, చివర కోడలు. "ఇంటికి ఒకటే పొయ్యి, ఒకటే ఓటు" అని గుమ్మం దిగుతూ అనడం ఆనవాయితీ. వెనక్కి తిరిగి చూడడు. చూడాల్సిన అవసరం ఏముందని?

ఈసారి కోడలు ఆ ఆనవాయితీకి గండి కొట్టింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. పోలింగు రోజు గుమ్మంలోనే అనేసింది.

"నేను అవతలాయనకే వేస్తాను మామయ్యా. వార్డులో కరెంటు పోయి రోగులు అల్లాడుతుంటే, మనవాళ్ళు ఫోను కూడా ఎత్తలేదు."

రంగులాయన ఆమెతో మాట మానేశాడు. కొడుకుని పిలిచి, "వీధిలో మన పరువు పోయిందా, మీరు వేరే ఇల్లు చూసుకోవాల్సిందే" అని తేల్చేశాడు. ఆ కొడుకు బస్సు డ్రైవరు. రోడ్డు మీద ఎంత హారను కొడతాడో, ఇంట్లో అంత నిశ్శబ్దం. పెళ్ళాం మొహం, తండ్రి మొహం చూసి, కంచంలో మొహం దాచుకున్నాడు.

లెక్కింపు రోజు మధ్యాహ్నం అక్కణ్ణుంచి రంగులాయన తిరిగొచ్చాడు. చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూలబడ్డాడు.

"పోయింది. అంతా పోయింది."

"మంచినీళ్ళు తాగండి ముందు" అంటూ భార్య గ్లాసు అందించింది.

ఆయన తాగలేదు. అసలు కథ ఏమిటంటే, ఈసారి ఆడవాళ్ళు ఓటు వేయడానికి వేరే గది పెట్టించింది రంగులాయనే. ఒకే వరసలో మగాళ్ళ మోచేతి పోట్లు తింటూ, చంటిపిల్లలతో ఎండలో నిలబడుతున్నారని జాలిపడి, ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగాడు. బాగుందని ఊరంతా అలాగే ఏర్పాటు చేశారు. గదులు వేరయ్యాక లెక్కలూ వేరుగానే బయటికొస్తాయని ఎవరికి తట్టింది?

"మగాళ్ళ గదిలో నేను చెప్పినట్టే వచ్చాయి. ఆడవాళ్ళ గదిలో అన్నీ అవతలివాడికే! మనదొక్కటే కాదు, వంతెనకి ఇవతల అన్ని వీధులూ అంతే. అవతల వీధుల్లో చూస్తే, కొన్నిచోట్ల ఆడవాళ్ళు మనవాడికి వేశారు. ఆ వంతెన మగాళ్ళకి తప్ప ఆడాళ్ళకి లేనట్టుంది!"

అంతలో డ్యూటీకి బయల్దేరుతున్న కోడలు కంటబడింది. ఆయన ఒక్కసారిగా లేచాడు.

"నువ్వే! ఇంటింటికీ వెళ్ళి నూరిపోశావు!"

"డ్యూటీ దిగి వచ్చేసరికి నాకు ఒళ్ళే తెలీదు మామయ్యా. ఎవరింటికి వెళ్ళను?"

"మాటకి మాట! ఇవాళే సామాను సర్దుకోండి."

కోడలి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. కొడుకు మెల్లగా లేచి ఆమె పక్కన నిలబడ్డాడు. "సరే నాన్నా. వెళ్తాం" అన్నాడు. అంత మాట అంటాడని రంగులాయన కలలో కూడా అనుకోలేదు.

"దాన్నెందుకు పంపుతారు? ముందు నన్ను పంపండి" అంది భార్య.

"నువ్వు... నువ్వు కూడానా?"

"ఈసారే కాదు. నాకు ఓటు వచ్చినప్పటి నుంచీ, నాకు తోచినట్టే వేస్తున్నా."

రంగులాయన "అన్నిసార్లూ మనకి వ్యతిరేకంగానేనా?" అన్నాడు బేలగా.

"వ్యతిరేకం దేనికండీ? కుళాయిలు వేయించినవాడు మీవాడే, వాడికే వేశా. వరదకి మనం డాబా ఎక్కి కూర్చుంటే తొంగిచూడలేదే, వాడికి వేయలేదు. మార్కెట్టుకి కప్పు వేయించిన పెద్దాయన ఉన్నాడు చూడండి, ఆయనకి మళ్ళీ వేశా. మనిషిని చూసి వేశానండీ."

కుళాయిలు వేసిన ఏడాది తన పార్టీ గెలిచింది. వరద వచ్చిన ఏడాది ఓడింది. కప్పు వేయించినాయన గెలిచాడు. రంగులాయన మనసులో ఒక్కొక్కటీ తిప్పి చూసుకున్నాడు. ఆవిడ ఎటు వేస్తే ఊరు అటే ఒరిగింది! ప్రతిసారీ టీకొట్టు దగ్గర కూర్చుని నాయకుల ఉపన్యాసాలనీ, వాననీ, గాలినీ కారణాలు చెప్పింది ఆయనే. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది వ్యవహారం.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీరెప్పుడైనా అడిగారా? చెప్పారు, విన్నాను. వినడం వేరు, వేయడం వేరు."

"వీధిలో ఆడవాళ్ళంతా కూడబలుక్కున్నారా?"

"లేదండీ. ఒక్కరం కూడా పైకి అనలేదు. మీకు ద్రోహం చేస్తున్నానేమోనని ప్రతిసారీ గుండె దడదడలాడేది. నేనొక్కదాన్నే అనుకున్నా ఇన్నేళ్ళూ. ఇందరమున్నామని ఇదిగో, ఇప్పుడు మీరు చెబితేనే తెలిసింది."

ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కోడలు వెళ్ళి ఆవిడ భుజాలు పట్టుకుంది.

రంగులాయన వీధిలోకి చూశాడు. కబురు అందరిళ్ళకీ చేరినట్టుంది. ఎదురింటి టీచరమ్మ గుమ్మంలోకొచ్చింది. మూలింటి కుట్టుమిషనావిడ వచ్చింది. మెట్ల మీద ముసలమ్మ కూడా. ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు అంతే. 'నువ్వు కూడానా?' అన్నట్టు. ముందు టీచరమ్మకి నవ్వొచ్చింది, ఆ తర్వాత వీధంతా నవ్వింది. తాను పుట్టి పెరిగిన వీధిని రంగులాయన కొత్తగా వచ్చినవాడిలా చూస్తూ నిలబడిపోయాడు.

ఫోను మోగింది. చేసింది తన పార్టీ పెద్దే.

"ఏమయ్యా, మీ ఆడవాళ్ళలో ఇది మొదలుపెట్టిందెవరు? ఇంట్లో అడిగి కనుక్కో."

రంగులాయన భార్య వైపు చూశాడు. ఆవిడ చూపు దించుకోలేదు.

"అడగనండీ" అన్నాడు. "ఆ గది కావాలని తిరిగింది నేను. ఇప్పుడు నేనే తలుపు సందులోంచి తొంగిచూస్తే ఎలా?"

ఫోను పెట్టేసి కోడలి దగ్గరికొచ్చాడు. అరవడానికి తప్ప మాట మానేసిన మనిషి, మొదలెట్టడానికి కాస్త ఇబ్బంది పడ్డాడు.

"అమ్మా... డ్యూటీకి ఆలస్యమవుతోందేమో. సామాను మాట మరిచిపో. సాయంత్రం త్వరగా ఇంటికి రా."

"వస్తాను మామయ్యా" అంది కోడలు, కళ్ళు తుడుచుకుంటూ.

అప్పుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుని గటగటా తాగాడు. "ఏమే, వచ్చేసారి ఎవరికి వేస్తావు?" అన్నాడు, ఉండబట్టలేక.

"చూడాలిగా" అంది ఆవిడ, ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్తూ.