రెండు గంటల చీజ్‌కేక్

"మా నాన్నగారి మీద మీకేమైనా పగ ఉందా?"

లెక్కల టీచరు కేకుల షాపులో అడుగుపెడుతూనే అడిగిన మాట అది. కౌంటరు వెనక కేకులబ్బాయి చేతిలో క్రీము గరిటె అలాగే ఉండిపోయింది.

"నాన్నగారంటే... ఎవరండీ?"

"రోజూ సాయంత్రం వాకింగని చెప్పి బయల్దేరి, మీ మూల బల్ల దగ్గర చీజ్‌కేక్ లాగించే పెద్దమనిషి. రిటైర్డ్ రైల్వే గార్డు. షుగర్ పేషెంటు!"

కేకులబ్బాయి నాలిక్కరుచుకున్నాడు. పెద్దాయన కదా అని రోజూ పెద్ద ముక్కే కోసి పెట్టాడు మరి.

"నాకు తెలీదండీ, ఒట్టు! ఆయన తినదగ్గ చీజ్‌కేక్ నేనే చేసిపెడతాను."

"క్రీమూ పంచదారా తీసేస్తే మిగిలేది పళ్లెమే."

తన మాటకి తనే ఫక్కున నవ్వేసింది టీచరు. ఆ నవ్వుతో కేకులబ్బాయి పని అయిపోయింది.

ఒప్పందం కుదిరింది. ప్రతి ఆదివారం వాళ్లింట్లో పరీక్ష. గార్డుగారు ఒక ముక్క తినాలి, రెండు గంటలాగి వేలు పొడుచుకుని షుగర్ చూసుకోవాలి. నూట అరవై దాటినా, రుచి కుదరకపోయినా ఫెయిల్. నాలుగే ఛాన్సులు. అప్పటికీ కుదరకపోతే ఆ ఇంట్లో చీజ్‌కేక్ పేరెత్తకూడదు, కేకులబ్బాయి ఆ గడప తొక్కకూడదు.

మొదటి వారం బిస్కెట్ల బదులు బాదంపొడి, క్రీమ్ చీజ్ బదులు గుడ్డలో వడగట్టిన గట్టి పెరుగు వేశాడు. పంచదార బదులు వేసిన షుగర్‌ఫ్రీ పొడి చెయ్యి జారి రెట్టింపు పడింది.

"టూత్‌పేస్టులా ఉంది బాబూ," అన్నారు గార్డుగారు.

రెండో వారం కేకు నిలబడలేదు, పళ్లెంలో పారింది. గార్డుగారు ముట్టుకోలేదు. టీచరు మాత్రం స్పూనుతో మొత్తం తాగేసింది.

మూడో వారం రుచి అమోఘం. మీటరు రెండొందల ముప్పై చూపించింది.

ఆ రెండు గంటలూ టీచరు పరీక్ష పేపర్లు దిద్దేది, కేకులబ్బాయి పక్కన కూర్చుని మార్కులు కూడేవాడు. ప్రతిసారీ తప్పు కూడేవాడు. ఆమె నవ్వితే వినాలని అతని ఆశ.

నాలుగో వారం అతను కాస్త నిమ్మతొక్క తురిమి వేశాడు.

"ఇవాళ పాసవుతుందా?" అంది టీచరు మెల్లగా.

రెండు గంటలైంది. రక్తం చూస్తే కూతురికి కళ్లు తిరుగుతాయని గార్డుగారు ఎప్పటిలాగే కిటికీ వైపు తిరిగి వేలు పొడుచుకున్నారు.

"రెండొందల అరవై!"

కేకులబ్బాయి డబ్బా సర్దుకున్నాడు. టీచరు తలెత్తలేదు. దిద్దిన పేపరే మళ్లీ దిద్దుతోంది. అంతలో ఆమె చూపు తండ్రి చొక్కా మీద ఆగింది.

"నాన్నా, నీ జేబులోకి చీమలెందుకు పోతున్నాయి?"

జేబులోంచి బుల్లి జాము సీసా బయటపడింది.

"తినలేదమ్మా! మీటరు ఎక్కువ చూపించాలని వేలికి రాసుకుని పొడుచుకున్నానంతే. పోయినవారం కూడా."

"ఎందుకు నాన్నా?"

"పాసైతే ఈ అబ్బాయి మళ్లీ రాడు కదా! ఆదివారం వస్తే నువ్వు మూడు డ్రెస్సులు మారుస్తున్నావు."

"ఫెయిలైనా రాడు! నాలుగే ఛాన్సులు!"

గార్డుగారు బుర్ర గోక్కున్నారు. "అంత దూరం ఆలోచించలేదమ్మా."

సబ్బుతో చేతులు కడిగించి మళ్లీ చూశారు. టీచరు కళ్లు గట్టిగా మూసుకుని, కేకులబ్బాయి చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నూట ముప్పై ఎనిమిది," అన్నారు గార్డుగారు.

కళ్లు తెరిచినా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.

"టీచరుగారూ, మీరంటే నాకు ప్రాణం," అన్నాడు కేకులబ్బాయి. "నిజానికి కేకు ఒక సాకు."

"తెలుసు. ఆ నీళ్ల కేకు నేనెందుకు తాగాననుకున్నారు?"

గార్డుగారు గబగబా వంటింట్లోకి వెళ్లారు. ఆకుపచ్చ తువ్వాలు తెచ్చి, రైలుకి జెండా ఊపినట్టు వాళ్ల ముందు ఊపారు.

"నా తరఫున లైన్ క్లియర్! ఈ శుభవేళ నాకు ఇంకో ముక్క?"

"వద్దు!" అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.