కోడలు కీ ఇచ్చిన గ్రామఫోను

అత్తగారు పెట్టె సర్దేసుకున్నారు! సాయంత్రం కారు పంపిస్తానని కూతురు ఫోన్లో చెప్పింది కూడా. ఇదంతా కాలం చేసిన మామగారి గ్రామఫోను వల్ల వచ్చింది. మొన్న కోడలు ముచ్చటపడి దానికి కీ ఇస్తే లోపల ధబ్‌మని చప్పుడైంది, పళ్లెం తిరగడం మానేసింది. "కుట్టుమిషన్లు బాగుచేసే మొరటు చెయ్యి. స్ప్రింగు తెంపేసింది" అన్నారు అత్తగారు. అప్పటినుంచి ఆవిడకి కోడలితో మాటల్లేవు. మంచినీళ్లు కావాలన్నా కొడుకుతో చెప్పించడమే. ఆ మహానుభావుడు అడకత్తెరలో పోకచెక్కలా నలుగుతూ, ఇద్దరికీ తలూపుతూ రోజులు నెట్టుకొస్తున్నాడు.

కోడలికి తల్లి లేదు. నోటితో అత్తయ్యా అని పిలిచినా మనసులో అమ్మా అనే అనుకునేది... ఆవిడ తన మూలంగా గడప దాటితే ఇక ఈ ఇంట్లో ముద్ద ఎలా దిగుతుంది? ఏడ్చి ఏడ్చి కళ్లు వాచాయి. చివరికి ముక్కు చీదుకుని స్క్రూడ్రైవరు అందుకుంది.

"దాన్ని ముట్టుకోవద్దని చెప్పరా మీ ఆవిడకి" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"వద్దంటోంది అమ్మ" అన్నాడు భర్త.

"విన్నానండీ. తెగిందన్నారుగా, ఇంకేం తెంపుతాను?"

మోటారు విప్పి, స్ప్రింగు ఉండే డబ్బా మూత తీసింది. చేతులకి తోలు తొడుగులు వేసుకుని, జాగ్రత్తగా ఒక్కో చుట్టే బయటికి లాగింది. ఎక్కడా తెగలేదు! బంకలాంటి జిడ్డుకి చుట్లన్నీ అతుక్కుపోయాయి. కీ ఇచ్చినప్పుడు ఒక్కసారిగా విడివడి చప్పుడు చేసి, మళ్లీ పట్టేశాయి, అంతే. కోడలికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఆ జిడ్డు వాసన చూశాక... అసలు సంగతి అర్థమైంది. అది వంటనూనె. మామగారు పోయాక ఆ మోటారు జోలికి వెళ్లేది ఒక్కరే.

"పాత గ్రీజు అత్తయ్యా, గట్టిపడిపోయింది. ఎవరి తప్పూ కాదు" అంది.

అత్తగారు దగ్గరికొచ్చి వంగి వాసన చూశారు.

"వంటింట్లోనే ముసలిదాన్నయ్యాను. ఏది నూనో నాకు నువ్వు చెప్తావా?" అన్నారావిడ. "నేనే పోశానమ్మా... ఆయన పోయాక అది ఎండిపోతుందేమోనని, తుడిచినప్పుడల్లా ఓ చుక్క వేసేదాన్ని. ఏ నూనైతే ఏమిటనుకున్నాను. నింద మాత్రం నీ మీద వేశాను. తెలిసి కూడా నన్ను కాపాడబోయావే..."

"ప్రేమ కొద్దీ పోశారు. మోటారుకి ఆ సంగతి తెలీదు కదత్తయ్యా" అంది కోడలు. ఏడుపులోనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

అత్తగారు కిరసనాయిలు గిన్నె పట్టుకున్నారు. కోడలు స్ప్రింగు కడిగి, తుడిచి, కొత్త గ్రీజు పూసి మోటారు బిగించింది. "నువ్వే కీ ఇవ్వు" అన్నారు అత్తగారు. కోడలు ఊపిరి బిగబట్టి తిప్పింది. ఏ చప్పుడూ లేదు. పళ్లెం మెత్తగా తిరిగింది, ముల్లు ఆనించగానే పాట మొదలైంది. భర్త అమ్మయ్య అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

అంతలో ఫోన్ మోగింది. కారు పంపించనా అని కూతురు.

"కారొద్దులే తల్లీ, నేను రాను" అన్నారు అత్తగారు కళ్లు తుడుచుకుంటూ. "మా అమ్మాయి పాట పెట్టింది. వింటున్నాను."

ఏ అమ్మాయమ్మా అని అవతల కూతురు అడుగుతూనే ఉంది. ఇవతల కోడలు గ్రీజు చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చేసింది.