కథ వినని చెవి

సోమవారం పొద్దున్న పదింపావుకి, మా హవానాలోని లా గవియోతా చుట్టల ఫ్యాక్టరీలో, రెండు వందల పన్నెండు మంది కళ్లెదుట డాన్ ఎలాదియోని చంపేశారు.

కళ్లెదుట అన్నానే గానీ, ఎవరి కళ్లూ ఆయన మీద లేవు. కళ్లన్నీ పొగాకు మీద, చెవులు మాత్రం ఆయన మీద. మా దగ్గర చుట్టలు చుట్టేవాళ్లకి కథ చదివి వినిపించే మనిషి ఒకరుంటారు. ఎత్తుపీట మీద కూర్చుని పొద్దున్న పేపరు, ఆ తర్వాత నవల చదవడమే ఆ మనిషి ఉద్యోగం. ఆ పీట మీద ముప్ఫయ్యొక్క ఏళ్లుగా డాన్ ఎలాదియోనే.

ఆ రోజు ఆయన, "రోసెండా కోర్టు మెట్లెక్కింది. ఆఖరి మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగి..." అని ఆగాడు.

ఆయనకి అలా ఆగడం అలవాటే. ఆగాడంటే ముందు ఏదో ఘోరం ఉందన్నమాట. అందరూ ఊపిరి బిగబట్టి కాచుకున్నారు. అర నిమిషం గడిచాక కాందెలారియా అనే పెద్దావిడ విసుక్కుంటూ తలెత్తింది. డాన్ ఎలాదియో పుస్తకం మీదకి ఒరిగిపోయి ఉన్నాడు. పక్కన కాఫీ కప్పు బోర్లా పడి ఉంది.

మధ్యాహ్నానికల్లా గూఢచారి శాఖలో ఏజెంట్ ఎవరిస్తోకి పిలుపొచ్చింది.

"సయనైడ్," అన్నాడు కర్నల్ బెనావిదెస్, ఫైలు బల్ల మీద గిరాటేసి. "ఆ ముసలాయన నిన్న మన ఆఫీసుకి ఫోన్ చేశాడు. 'మా హాల్లో ఒకడు నా కథ వినడం లేదు. ఎవడో రేపు చెప్తాను' అన్నాడట. మన డ్యూటీ ఆఫీసరు మహానుభావుడు రిజిస్టర్లో ఏం రాసుకున్నాడో తెలుసా? 'వృద్ధుడికి శ్రోతల మీద అలక' అని!"

"కథ వినకపోతే ఏమైంది సార్?"

"ఎందుకు వినడు? చెవిలో ఇంకొకటి వినపడుతోంది గనక. సెనగగింజంత రిసీవర్. విదేశీ ముఠా వాళ్ల పని. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి శాంతా ఉర్సులా ద్వీపం ప్రెసిడెంటు అర్బనేహా ఆ హాలుకొస్తున్నాడు. హాల్లో ఎవరైనా లేచి అతిథికి చుట్ట ఇవ్వచ్చు. ఇస్తే ఆయన అక్కడే వెలిగించుకోవాలి, కాదంటే అవమానం. ఆ చుట్టలో విషం పూసిన ఆకు ఉంటుంది. ఆయన మన గడ్డ మీద చచ్చాడంటే మర్నాడు మన రేవులోకి ఒక్క ఓడ రాదు."

"ప్రోగ్రాం రద్దు చేయించండి."

"చేయిస్తే వాడు ఇంకోచోట ఇస్తాడు. ఆయన చుట్ట మానడు. పోనీ రెండు వందల పన్నెండు చెవులూ వెతుకుదామంటే, రెండో చెవికే వాడు గోడ దూకుతాడు." కర్నల్ ఒక అట్టపెట్టె తోశాడు. అందులో గళ్ల చొక్కా, సోడాబుడ్డి కళ్లద్దాలు, అతికించుకునే మీసం ఉన్నాయి. "రేపట్నుంచి చదివేవాడివి నువ్వే. పీట కింద మీట పెట్టించాం. నొక్కితే మనవాళ్లు లోపలికొస్తారు."

ఎవరిస్తో మూడు భాషల్లో అబద్ధమాడగలడు, కదిలే రైలు మీంచి దూకగలడు. పైకి చదవడం మాత్రం స్కూలు వదిలాక ఇదే మొదలు.

మంగళవారం పదకొండింటికి పీటెక్కి నవల అందుకున్నాడు. ఇరవై నిమిషాలు గడిచాయో లేదో, ఠంగుమని ఒక కత్తి నేల మీద పడింది. వెంటనే ఇంకొకటి, ఆ తర్వాత వర్షంలా.

ఆకు కోసే ఆ వంపు కత్తిని చవేత అంటారు. చదివింది నచ్చితే చవేతతో బల్ల మీద టకటకా కొడతారు. నచ్చకపోతే నేలకేసి కొడతారు. నచ్చినట్టు నటించడం ఆ హాల్లో ఎవరికీ చేతకాదు.

"ఏమయ్యా, నవల చదువుతున్నావా, కరెంటు బిల్లు చదువుతున్నావా?" అని అరిచింది కాందెలారియా.

"జడ్జీదీ అదే గొంతు, రోసెండాదీ అదే గొంతు! ఇంతకీ ఎవరు ఎవరికి శిక్ష వేస్తున్నారు?"

"ముందు ఆ మీసం సరిగ్గా అంటించుకోమనండి!"

పన్నెండింటికి దిగి వస్తుంటే అందరూ మొహాలు తిప్పుకున్నారు. మూడో వరసలో కూర్చునే సెవెరీనో ఒక్కడే నవ్వాడు. రెండేళ్ల క్రితం చేరిన నెమ్మదస్తుడు.

"బాగా చదివారు సార్. వాళ్ల మాటలు పట్టించుకోకండి," అన్నాడు.

ఎవరిస్తోకి ప్రాణం లేచొచ్చింది. ఈ రాక్షసుల మధ్య ఒక్క మనిషైనా ఉన్నాడనుకున్నాడు.

మిషన్ అప్పటికే బోర్లా పడింది. కథ విననివాడిని పట్టుకుందామని వస్తే, కథ వింటున్నవాడు ఒక్కడూ లేడు. అందరూ కబుర్లలో ఉన్నారు, వాళ్లలో వాణ్ని ఎలా పోల్చుకోవడం?

ఆ సాయంత్రం రేడియో స్టేషన్ మెట్ల మీద ఎర్ర గౌనులో ఇసౌరా మోంతియెల్ ఎదురొచ్చింది. మధ్యాహ్నం సీరియల్లో ఆవిడ ఏడిస్తే హవానాలో సగం వంటిళ్లలో అన్నం మాడుతుంది. ముఠా దృష్టిలో ఆవిడ ముఠా మనిషి. మనవాళ్ల దృష్టిలో మన మనిషి. ఆవిడ దృష్టిలో ఏమిటో దేవుడికెరుక.

"ఇవాళ ఎపిసోడ్‌లో వాన పడుతుందా?" అన్నాడు ఎవరిస్తో. అది కోడ్.

"పడితే నీ మీసం ఊడుతుంది, హీరో గారూ." అది కోడ్ కాదు. "నీ గురించి విన్నాన్లే. కత్తులు కురిశాయటగా!"

"నువ్వు నన్ను కూడా అమ్మేశావా?"

"ఇంకా బేరం రాలేదు." ఆవిడ సిగరెట్టు వెలిగించింది. "సరిగ్గా విను. మంగళవారం, శుక్రవారం పదకొండు నలభైకి ఆ చెవిలో మాట్లాడేది నేనే. పక్కన ఇద్దరు పిస్తోళ్లు పట్టుకుని కూర్చుంటారు. ఆ చెవి ఎవరిదో నాకు చెప్పరు. విషం ఆకు అరగంటలో నల్లబడిపోతుందట, అందుకే ముందే చుట్టడానికి లేదు. శుక్రవారం నేను చుట్టమంటేనే చుడతాడు."

"చుట్టమనకు మరి."

"అనకపోతే నన్ను కాల్చి, వాళ్లే మైకులో చెప్తారు. స్క్రిప్టులో అక్షరం మార్చడానికి వీల్లేదు. మాటలు వాళ్లవి. గొంతు మాత్రం నాది." కళ్లు చికిలించి చూసింది. "ఆ టైములో వాడు నీ కథ వినలేడు, అంతవరకు నేను చూసుకుంటాను. మిగతా అందరూ వినేలా నువ్వు చూసుకో. అప్పుడు వాడొక్కడే మిగులుతాడు. ఏదీ, ఒక వాక్యం చదువు."

చదివాడు. ఇసౌరా పొట్ట పట్టుకుని నవ్వింది.

"చంపేశావురా నాయనా! పరిగెత్తకు. ఎవరో తరుముతున్నట్టు చదువుతావేం? వినేవాళ్లు వెనకాల నడుస్తుంటారు, వాళ్లని కలుపుకు వెళ్లు. ప్రతి పాత్రకీ గొంతు మార్చి కోతివేషాలు వెయ్యకు. ఆ మనిషికి ఏం కావాలో తలుచుకో, గొంతు అదే మారుతుంది."

బుధవారం చవేతలు సగమే పడ్డాయి. భోజనాల వేళ కాందెలారియా తన రొట్టెలో ముక్క విరిచి అతని ముందుకి తోసింది. అది ప్రేమ అనుకునేరు, కాదు.

"తిను. ఆకలి గొంతుతో చదివితే మాకు నీరసం వస్తోంది," అంది. "నీకో సంగతి చెప్తాను. మాకు కథ ఒక్కటే చాలదు అబ్బాయ్. డాన్ ఎలాదియో రోసెండాని చదువుతుంటే, ఆ పిల్ల మా ఇంట్లో పిల్లే అనిపించేది. నీ రోసెండా పక్కింటి పిల్లలా ఉంది. ఇంకా కాస్త దగ్గరికి తీసుకురా."

గురువారం ఎవరిస్తో రోసెండా వాంగ్మూలం చదివాడు. చేయని హత్యకి దోషిలా నిలబడ్డ ఆ పిల్ల, జడ్జీని మంచినీళ్లు అడిగే చోట అతని గొంతు అతని ప్రమేయం లేకుండానే తడబడింది. హాల్లో ఆకుల గలగల తప్ప చప్పుడు లేదు. తర్వాత ఒక చవేత బల్ల మీద టక్కుమంది. ఇంకొకటి. హాలంతా మోగిపోయింది. గూఢచారి అన్నవాడికి చప్పట్లు కొట్టేవాళ్లెవరు? ఎవరిస్తోకి గుండె నిండిపోయింది. సిగ్గు లేకుండా ఇంకో పేజీ ఎక్కువ చదివాడు.

శుక్రవారం పదకొండింటికి ఓటింగు. చదివే మనిషిని ఉంచాలో పీకాలో తేల్చేది పనివాళ్లే. వాళ్లు పీకేస్తే పన్నెండింటికి ఎవరిస్తో రోడ్డు మీద ఉంటాడు, ప్రెసిడెంటు హాల్లో ఉంటాడు. చేతులెత్తారు. నాలుగు ఓట్లతో గట్టెక్కాడు.

"మురిసిపోకు," అంది కాందెలారియా. "ఇంతకంటే మంచివాడు దొరికేదాకా."

పదకొండు నలభై. అధ్యాయం పేరు 'తీర్పు'.

ఎవరిస్తో మొదలుపెట్టాడు. రెండు వందల పన్నెండు తలలు వంగి ఉన్నాయి. ఎవరి చెవిలోనో ఇసౌరా ఇప్పుడే నోరు విప్పి ఉంటుంది. ఎవరి చెవిలో? అందరి మొహాలూ ఒకేలా ఉన్నాయి. కళ్లద్దాల మీంచి వరసవరసా గాలించాడు. ఒక్క మొహం కూడా దొరకలేదు.

పదకొండు యాభై. అప్పుడు తట్టింది అతనికి, తన ప్లానులో కన్నం. పేజీ చివర జడ్జీ రోసెండాని నిర్దోషి అంటాడు. అనగానే హాలంతా చవేతలు మోగిస్తుంది. విననివాడు కూడా పక్కవాళ్ల చప్పుడు పట్టుకుని మోగిస్తాడు. ఇన్నాళ్లుగా వాడు బతుకుతున్నదే అలాగ!

మోగించకూడని చోట మోగించేలా చెయ్యాలి.

ఎవరిస్తో కాందెలారియా వైపు చూశాడు. ఆవిడ పెదవులు కదులుతున్నాయి. నవల్లో పిల్ల కోసం దేవుణ్ని మొక్కుకుంటోంది. క్షమించు తల్లీ అనుకున్నాడు. పుస్తకంలో లేని మాటలు పుస్తకంలోంచి చదివాడు.

"జడ్జీ లేచి నిలబడ్డాడు. 'రోసెండా దోషి. సూర్యాస్తమయానికి ముందే ఉరి తీయండి' అన్నాడు. ఆ సాయంత్రమే తీశారు. కిందికి దించేటప్పటికి ఆ పిల్ల చేతిలో తల్లి జేబురుమాలు ఉంది."

ఆకాశం విరిగిపడ్డట్టు చవేతలన్నీ నేల మీద పడ్డాయి. ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. మొదటి వరసలో ఒక పెద్దమనిషి బల్ల తన్నేశాడు. కాందెలారియా ఏప్రన్ అంచు నోట్లో కుక్కుకుని భోరుమంది.

ఆ గోలలో, మూడో వరసలో, తల ఎత్తకుండా ఒక చుట్టకి పై ఆకు అంటిస్తున్న మనిషి, ఎడమ చెయ్యి చాచి చవేత అందుకుని బల్ల మీద కొట్టాడు. టక టక టక. మెచ్చుకోలుగా.

సెవెరీనో!

హాలంతా వాడి వైపు తిరిగింది. ఆ పిల్ల చావుకి చప్పట్లు కొట్టినవాణ్ని నమిలి మింగేసేలా చూశారు. వాడికి ఇంకా తెలియలేదు. ఇసౌరా వాడి చెవిలో చెప్తున్నది నాలుగు ముక్కల ఆర్డరే. కానీ ఆ నాలుగు ముక్కల్నీ ఆవిడ ఆగి ఆగి, ఊరించి ఊరించి చెప్తోంది. మాట మాటకీ మధ్య వాడు నోరు తెరుచుకుని తర్వాతి మాట కోసం వేలాడుతున్నాడు.

ఎవరిస్తో మీట నొక్కాడు. సరిగ్గా అదే క్షణంలో తలుపులు బార్లా తెరుచుకున్నాయి. వచ్చింది మనవాళ్లు కాదు. అయిదు నిమిషాలు ముందుగానే వచ్చి తలుపు అవతల నిలబడి ఉన్న ప్రెసిడెంటు అర్బనేహా, వెనకాల బూట్ల పటాలం.

సెవెరీనో లేచాడు. మనిషి చురుకు! మూడంగల్లో అతిథి ముందున్నాడు. వంగి నమస్కరించి చుట్ట అందించాడు. ప్రెసిడెంటు పెదాల మధ్య పెట్టుకున్నాడు. పక్కనున్న ఆఫీసరు అగ్గిపుల్ల గీశాడు.

పీటకీ చుట్టకీ మధ్య పదిహేను అడుగులు. పిస్తోలు తీస్తే ఎదురుగా జనం. ఎవరిస్తో చేతిలో ఉన్నది ఆరు వందల పేజీల నవల. తన బలమంతా పెట్టి దాన్నే విసిరాడు.

నవల ప్రెసిడెంటు మూతి మీద తగిలింది. చుట్ట ఎగిరి నేలన పడింది. కాందెలారియా కోపం మీద ఎటు నడుస్తోందో చూసుకోకుండా దాన్ని చెప్పుకింద నలిపేసింది. అప్పటికి లోపలికొచ్చిన మనవాళ్లు సెవెరీనోని రెక్కలు విరిచి పక్క తలుపులోంచి లాక్కుపోయారు. వాడి చెవిలోంచి సెనగగింజంత రిసీవర్ జారి పడింది. ఎవరిస్తో దిగొచ్చి దాన్ని ఏరి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"...ఎపిసోడ్ సమాప్తం," అంటోంది ఇసౌరా గొంతు, తీరిగ్గా. ఆ తర్వాత ఏదో బరువైనది పడ్డ చప్పుడు, ఇంకొకటి పడ్డ చప్పుడు. మనవాళ్లు స్టూడియోకి వెళ్లేసరికి ముఠావాళ్లిద్దరూ మైకు తీగతో కట్టేసి ఉన్నారు. ఆవిడ లేదు. ఎవరి పక్షమో అడగడానికి ఇంకెవరికీ అవకాశం దొరకలేదు.

హాల్లో మాత్రం ఇదంతా ఎవరికీ పట్టలేదు. సెవెరీనోని లాక్కుపోయింది ఆ పిల్ల చావుకి చప్పట్లు కొట్టినందుకేననీ, మంచి పనే జరిగిందనీ అనుకున్నారు. ఇప్పుడు అందరి కళ్లూ రెండోవాడి మీద ఉన్నాయి. ఎవరిస్తో చుట్టూ వలయం బిగుసుకుంది. నిజం చెప్పడానికి వీల్లేదు. మిషన్ రహస్యం.

ప్రెసిడెంటు అర్బనేహా మూతి తుడుచుకుని నేల మీద నవల తీశాడు. పేజీలు తిప్పి తీర్పు ఉన్న చోట ఆగాడు. చదివాడు. తలెత్తి, తన ప్రాణం కాపాడిన మనిషిని పైనుంచి కిందికి చూశాడు.

"తలుపు అవతల నిలబడి అంతా విన్నానయ్యా," అన్నాడు పుస్తకం మూస్తూ. "ఈ నవల నేను రెండుసార్లు చదివాను. ఇందులో ఆ పిల్ల చావదు. పదిమందీ నమ్మి వింటుంటే నిండు ప్రాణం తీశావు. నీకసలు సిగ్గుందా?"

ఎవరిస్తో ఊడిపోతున్న మీసాన్ని వేలితో నొక్కిపెట్టుకున్నాడు.

"డ్యూటీలో ఉన్నాను సార్," అన్నాడు.