సింధూరి చీటీలో తేలని మూడు గంటలు

సత్యనారాయణపురంలోని ఆ ఇంట్లో ఎవరు ఊరెళ్ళినా బయల్దేరే టైమూ, చేరే టైమూ చీటీ మీద రాసి క్యాలెండర్ మేకుకి గుచ్చాలి. స్టేషన్ మాస్టర్‌గా రిటైరైన భానుమూర్తి పెట్టిన నియమం అది. ఆ ఉదయం ఆయన, కూతురు సింధూరి రాసిన చీటీని చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. పక్కన కాఫీ మీగడ కట్టింది.

"ఏమే, నీ కూతురు సింగపూర్ వెళ్ళలేదు," అన్నాడు.

"అవేం మాటలండీ? ఆఫీసు ట్రైనింగని వారం రోజులు ఉండి, నిన్ననేగా వచ్చింది!" అంది భార్య జ్ఞానేశ్వరి.

"చూడు. హైదరాబాదు నుంచి వెళ్ళడానికి ఏడు గంటలట. అయిదూ నలభై అయిదుకి అక్కడ ఎక్కి ఎనిమిదింటికి హైదరాబాదులో దిగిందట, అంటే రావడానికి రెండుంబావు. దారి ఒకటేగా? మూడు వేల పైచిలుకు కిలోమీటర్లు! మన పినాకిని ఎక్స్‌ప్రెస్ ఇక్కణ్ణుంచి చెన్నై వెళ్ళడానికే ఏడు గంటలు పడుతుంది."

జడ అల్లుకుంటూ బయటికొచ్చిన సింధూరి పకపకా నవ్వింది. "అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది నాన్నా. వెళ్ళేటప్పుడు అది తీసెయ్యి, వచ్చేటప్పుడు కలుపు. వెళ్ళడానికి నాలుగున్నర, రావడానికి ఇంకో పావుగంట ఎక్కువ."

దేశమంతటికీ ఒకే గడియారంతో ఉద్యోగం చేసిన మనిషి. ముఖం ఎర్రబడింది. వేళ్ళ మీద లెక్కేశాడు. సరిపోయింది. కానీ చీటీ మాత్రం వదల్లేదు.

"సరే. అక్కణ్ణుంచి ఇంకో విమానంలో పన్నెండుకి గన్నవరంలో దిగావు. ఒంటిగంటకి ఇంట్లో ఉండాలి. నాలుగింటికొచ్చి, విమానం లేటన్నావు. నేను కనుక్కున్నాను, టైముకే దిగింది. గన్నవరంలో కూడా గడియారం మారిందా?"

సింధూరి నవ్వు ఆగిపోయింది.

"సూట్‌కేసు చక్రాలకి ఆ బురదేంటి? ఎవడితో తిరిగొచ్చావు?"

"ఏమండీ!" జ్ఞానేశ్వరి చేతిలో గరిటె గట్టు మీద పడింది.

"అది కాలవగట్టు బురద నాన్నా." సింధూరి సూట్‌కేసుని గోడవైపు జరిపింది. "కంకిపాడు వెళ్ళాను. సంపూర్ణమ్మత్తయ్య దగ్గరికి. కంటి ఆపరేషనై ఒక్కతే ఉంది. చెబితే వెళ్ళనివ్వవని అబద్ధమాడాను."

ఇంట్లో ఆ పేరు వినిపించి పదకొండేళ్ళయింది. చెల్లెలు సంపూర్ణమ్మ భర్త పోయిన రోజు, తన తర్వాత డ్యూటీకి రావలసిన మనిషి రాక భానుమూర్తి స్టేషన్ వదల్లేకపోయాడు. వెళ్ళేసరికి దహనం అయిపోయింది. "నీకు రైళ్ళే తోబుట్టువులు" అని ఆమె అందరి ముందూ అంది. సంజాయిషీ చెప్పకుండా ఆయన వెనుదిరిగాడు.

"ఏమంది?" అన్నాడు భానుమూర్తి.

"'ఆలస్యం ఎందుకైందని అడక్కుండానే అన్నయ్యని అనేశానే' అంది. కంటి మీది పచ్చకట్టుతోనే ఏడుస్తుంటే, మంచిది కాదని ఆపాను."

అడక్కుండానే. భానుమూర్తి చేతిలో చీటీ నలిగింది. ఎవడితో తిరిగావన్న మాట తన నోటి నుంచే వచ్చి పది నిమిషాలు కాలేదు.

లేచి కూతురి తల మీద చెయ్యి వేశాడు. తర్వాత ఒక కొత్త చీటీ తీసుకుని రాసి, మేకుకి గుచ్చి, చెప్పులేసుకున్నాడు.

జ్ఞానేశ్వరి దగ్గరికెళ్ళి చదివింది. 'కంకిపాడు. బయల్దేరేది 8.10. చేరేది 9.00.' తిరిగొచ్చే టైము దగ్గర మాత్రం, ఆయన మొదటిసారి ఖాళీ వదిలేశాడు.